కారవాన్ వెనక నిలబడ్డ వసంతం

ఆ ఏడాది మార్చి నుంచి మే దాకా మా వంటగది బల్ల మీద కంచం పెట్టుకోవడానికి చోటుండేది కాదు. బల్ల నిండా పటం పరిచి ఉండేది. నాలుగు మూలలా అది లేవకుండా ఉప్పు డబ్బా, టీ కెటిల్, అమ్మమ్మ బైబిలు, తాత టార్చిలైటు పెట్టి ఉండేవి. అమ్మమ్మ, తాత, అమ్మ, నేను, నలుగురం సూపు గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళం.

పటంలో ఎడమ పక్కంతా సముద్రం. అందులో పైనుంచి కిందిదాకా దీవులు. ఆ దీవుల మీదుగా మా లాక్లన్ తాత కారవాన్‌ని తీసుకెళ్ళాలి. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు అది. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, బయటి తలుపు మూస్తే తప్ప తెరుచుకోని ఒక బీరువా. ఓబన్ రేవులో ఓడెక్కి బారా దీవిలో దిగాలి. అక్కణ్ణుంచి ఉయిస్ట్, ఆ తర్వాత బెర్నరే, చివరికి హారిస్. హారిస్‌లో రోడ్డు ఆగిపోయే చోట మా అమ్మమ్మ అక్క డోలీనా ఉంటుంది.

అమ్మమ్మ పేరు ఎఫీ. పంతొమ్మిదో ఏట హారిస్ వదిలి వచ్చింది. అక్కని చివరిసారి చూసి ముప్ఫై ఏళ్ళయింది. తాత నలభై ఏళ్ళు కలప లారీ నడిపాడు. వచ్చే వేసవికి తీసుకెళ్తానని ప్రతి వేసవిలోనూ చెప్పాడు. అమ్మమ్మ ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఆ ఫిబ్రవరిలో డోలీనా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. ఇంటి పక్క రాళ్ళు ఏరించి, మీ చక్రాల ఇల్లు నిలపడానికి చోటు చదును చేయించానని రాసింది. ఎనభై నాలుగేళ్ళొచ్చాయి, నేనింక ఓడెక్కలేను, మీరొస్తే చూస్తాను అని కూడా రాసింది. అమ్మమ్మ ఆ ఉత్తరం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. అది ఆ జేబులోనే రెండుసార్లు ఉతుక్కు వెళ్ళింది.

తాత మొదట వేసిన లెక్క ప్రకారం మేం హారిస్‌లో దిగేది ఆదివారం.

"ఆదివారం నాడు నేను కారవాన్ వేసుకుని మా ఊళ్ళో దిగితే డోలీనా తలుపు తియ్యదు. కిటికీ తెర కూడా తియ్యదు," అంది అమ్మమ్మ.

"దేవుడికి టైర్ల మోత వినిపిస్తుందంటావా?"

"దేవుడి సంగతి నాకు తెలీదు. పక్కింటి వాళ్ళకి వినిపిస్తుంది."

తాత ప్రయాణమంతా రెండు రోజులు వెనక్కి జరిపాడు. మా ఇంట్లో ఆదివారం అంటే అంతే. బట్టలుతకడం ఉండదు, సూది పట్టుకోవడం ఉండదు, గిన్నెలు కూడా సోమవారం దాకా అలాగే ఉంటాయి. చదవడం ఒక్కటే ఒప్పు. చర్చి నుంచి రాగానే బైబిల్లో ఒక అధ్యాయం నేను పైకి చదివేదాన్ని. అది అయ్యాక తాత, ఇక మన అధ్యాయం చదువు అనేవాడు. అంటే నా డైరీలో రాసుకున్న ప్రయాణం. ఏ రోజు ఏ ఓడ, ఏ రాత్రి ఏ పొలంలో మకాం. చదవడం పని కాదు కదా అని అమ్మమ్మ వైపు తిరిగి కన్ను గీటేవాడు. అమ్మమ్మ విసుక్కునేది కానీ, నేను హారిస్ దాకా వచ్చేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేది.

డైరీకి ముందు వైపు నుంచి తాత ప్రయాణం ఉండేది. వెనక వైపు నుంచి నా సంగతులు ఉండేవి. రెండూ మధ్యలో ఎక్కడో కలుసుకోవాలి.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మా బళ్ళో ఉన్నది పదకొండు మందిమే. అయినా టీచరు నా పేరు పిలిస్తే బల్ల వైపు చూస్తూ నిలబడేదాన్ని. జవాబు తెలిసే ఉండేది, బయటికి వచ్చేది కాదు. కాగితం మీద ఉన్నది చదవమంటే మాత్రం ఎంతసేపైనా చదివేదాన్ని. చదివేటప్పుడు ఎవరూ నా ముఖం చూడరు, నేనూ ఎవరి ముఖం చూడక్కర్లేదు. తాత దగ్గర నాకు హాయిగా ఉండటానికి కూడా అదే కారణం. ఆ క్రిస్మస్ నుంచి తాత నాతో మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి చూడటం మానేశాడు. నా చెవి వైపు చూసేవాడు. నా సిగ్గు సంగతి తెలిసి అలా చేస్తున్నాడనుకున్నాను. ఇంత మర్యాద ఇంకెవరికీ లేదనుకున్నాను.

ప్రతిదీ నా చేతే చదివించేవాడు, నా చేతే రాయించేవాడు. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది ఇష్‌బెల్, నాది కోడి గీకినట్టుంటుంది అనేవాడు. ఓడలో చోటు కోసం పంపే ఫారంలో కారవాన్ పొడవు రాయాలి. టేపు ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస తాత పట్టుకుని, వంగి చూసి, ఆరు మీటర్ల పది అన్నాడు. తాత లోపలికి వెళ్ళాక నేను చూశాను. ఏడు మీటర్ల పది. ఫారంలో ఏడు అనే రాశాను. తాతకి చెప్పలేదు. ఎవరైనా పొరపాటు పడతారు కదా అనుకున్నాను.

ఏప్రిల్లో తాతకి డెబ్బై నిండాయి. డెబ్బై నిండితే లైసెన్సు కోసం మళ్ళీ ఫారం నింపాలి. అదీ నేనే నింపాను. పగటి వెలుతురులో ఇరవై మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అని ఒక ప్రశ్న ఉంది. పైకి చదివాను. తాత కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు.

"టిక్కు పెట్టు," అన్నాడు.

పెట్టాను. సంతకం దగ్గర వేలు పెట్టమన్నాడు. నా వేలి పక్కనే సంతకం చేశాడు.

ఏప్రిల్ మూడో వారం నుంచి సందులో సాధన మొదలైంది. దీవుల్లో రోడ్లు ఒక్క బండి పట్టేంతే ఉంటాయి. అక్కడక్కడా పక్కకి తప్పుకోవడానికి కాస్త వెడల్పు చోటు ఉంటుంది. ఎదురుగా ఇంకో బండి వస్తే, ఆ చోటుకి ఎవరు దగ్గరుంటే వాళ్ళు వెనక్కి వెళ్ళాలి. కారవాన్ తగిలించుకుని వెనక్కి వెళ్ళడం అందరికీ చేతకాదు. స్టీరింగు ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది. మా ఊళ్ళో ఎవరి ట్రైలరు ఎక్కడ ఇరుక్కున్నా తాతకే కబురు పంపేవాళ్ళు. ఒక్క చేత్తో తిప్పి, రెండో చేత్తో సాండ్‌విచ్ తింటూ బయటికి తెచ్చేవాడని హెక్టర్ ఇప్పటికీ చెప్తాడు. హెక్టర్ మా పక్క పొలం ఆయన.

మా ఇంటి పక్క సందుకి రెండు వైపులా రాతి గోడలు. అడుగున పొలం గేటు, దానికి చెరో పక్కా నిలువెత్తు రాళ్ళు. నా పని గేటు దగ్గర, తాతకి కారు పక్క అద్దంలో కనిపించేలా నిలబడటం. దూరానికి కనపడాలని అమ్మమ్మ తన ఎర్ర స్కార్ఫు నా మెడకి చుట్టింది. నేను చెయ్యెత్తితే ఆగాలి. కారవాన్‌కి అవతల కారులో ఉన్న తాత నాకు కనిపించడు, నాకు కనిపించేది కారవాన్ వెనక కిటికీ మాత్రమే. చెయ్యెత్తగానే అది ఆగిపోయేది. అంత పెద్దది నా చెయ్యి చూసి ఆగుతోందని నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

నాలుగు రోజులు అలా గడిచాయి. అయిదో రోజు శనివారం. హెక్టర్ కంచె వేయడానికి కొత్త కర్రలు తెప్పించి సందులో, గేటుకి ఇవతల గోడ వారన పేర్చాడు. కారవాన్ మామూలుగానే కదిలి వచ్చింది. కర్రల దగ్గరికి రాకముందే నేను చెయ్యెత్తాను. అది ఆగలేదు. ఇంకా పైకెత్తాను. వస్తూనే ఉంది. వెనక కిటికీలో నా ముఖమే నాకు కనిపించింది, నోరు తెరుచుకుని ఉంది. నోట్లోంచి ఏమీ రావడం లేదు. గోడకి అతుక్కుపోయాను. నా మోకాలి పక్క కర్రలు ఫటఫటా విరిగాయి. ఎర్ర దీపం పగిలి అద్దం ముక్కలు నా బూట్ల మీద పడ్డాయి. అప్పుడు ఆగింది.

తాత దిగి వచ్చాడు. విరిగిన కర్రల్ని చేత్తో తడిమాడు.

"చెయ్యి ఆలస్యంగా ఎత్తావు తల్లీ," అన్నాడు, నా చెవి వైపు చూస్తూ.

"అవును తాతా," అన్నాను.

తర్వాత లెక్క వేసుకున్నాను. మిగతా నాలుగు రోజులూ కారవాన్ ఆగింది నా చేతిని చూసి కాదు. ఆ సందు తాతకి అరవై ఏళ్ళుగా కంఠతా వచ్చు. ఎక్కడ ఆగాలో ఆయన ఒంటికి తెలుసు. అక్కడ కొత్తగా వచ్చి చేరినవి ఆ కర్రలే. నేను కూడా.

ఆ రోజు నుంచి నాకు అన్నీ భయంగానే కనిపించాయి. బళ్ళో ఎవరైనా చెయ్యెత్తితే పుస్తకంలోకి తల దించుకునేదాన్ని. బెర్నరే నుంచి హారిస్‌కి వెళ్ళే ఓడ చిన్నది, ఒక్కోసారి బళ్ళని వెనక్కి నడిపి ఎక్కించాలి అని తాతే నాకు చెప్పాడు. ఓడ నోటి దగ్గర ఒక మనిషి నిలబడి చేత్తో సైగ చేస్తాడట. చెయ్యెత్తితే ఆగాలట. రెండు పక్కలా నీళ్ళే. ఆ మనిషి ముఖం నేనెప్పుడూ చూడలేదు కానీ, ఆయన చెయ్యి నాకు రోజూ కనిపించేది. ఆ దీవుల్లో పిల్లలు బడికి రోడ్డు మీదే నడిచి వెళ్తారని అమ్మమ్మ చెప్పినప్పుడు లేచి బయటికి వెళ్ళిపోయాను. నంబరు ప్లేటు ప్రశ్న పక్కన టిక్కు పెట్టిన చెయ్యి నాదే.

నేను పొరపాటు పడి ఉంటాననే ఆశ మాత్రం ఇంకా మిగిలి ఉంది. తర్వాతి గురువారం బడి నుంచి రాగానే తాత సందులోకి రమ్మన్నాడు. కారవాన్ కదలకముందే నేను మెడలోని స్కార్ఫు తీసి, గేటుకి ఎడమ పక్క రాయికి కట్టాను. గోడ దూకి పొలంలోకి వెళ్ళి, గొర్రెల మధ్య నిలబడ్డాను. చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాను.

కారవాన్ మెల్లగా వెనక్కి వచ్చింది. తాత కిటికీ దించి ఉంది.

"అలాగే నిలబడు ఇష్‌బెల్. బాగా కనిపిస్తున్నావు."

గాలికి స్కార్ఫు కొస ఎగిరింది. కారవాన్ రాయికి బారెడు దూరంలో ఆగింది. తాత చెయ్యి బయటికి పెట్టి, బొటనవేలు పైకెత్తి, ఆ రాయికి చూపించాడు.

"మంచి పిల్లవి. ఇవాళ కదల్లేదు," అన్నాడు.

ఒక గొర్రె నా కోటు వాసన చూసి వెళ్ళిపోయింది. ఇంజను ఆగేదాకా అక్కడే ఉన్నాను. ఆ తర్వాత గోడ దూకి వచ్చి, స్కార్ఫు విప్పి మెడకి చుట్టుకున్నాను. తాత దిగి వచ్చేసరికి ఆ రాయి ఉన్న చోట నేనున్నాను.

మర్నాడు అమ్మకి చెబుదామనుకున్నాను. అమ్మ పేరు రోనా. ఆ చుట్టుపక్కల అయిదు ఊళ్ళకి ఉత్తరాలు పంచేది తనే. బడి బస్సు ఎక్కే చోటి దాకా నన్ను పోస్టు వ్యాన్‌లో దింపేది. దారి పొడుగునా మొదటి మాట కోసం వెతుక్కున్నాను. బస్సు ఆగే చోటికి వచ్చాక నోరు తెరిచాను. ఏంటే, ఏదో అనబోయావు అంది అమ్మ. ఏం లేదన్నాను. అమ్మ ఉత్తరాల కట్టలు సర్దుకుంటూ, తాతకి ఈ ప్రయాణం లేకపోతే ఏమైపోయేవాడో అంది. చలికాలమంతా కుర్చీలోంచి లేవలేదు, ఇప్పుడు చూడు, ఈల వేస్తున్నాడు అంది. ఇక నేనేం చెప్పను?

బయల్దేరడానికి తొమ్మిది రోజులుంది. అమ్మమ్మ కారవాన్‌లోకి సామాన్లు చేరవేస్తోంది. డోలీనాకి ఒక శాలువా, రెండు డబ్బాల టీ, తను చేసిన బిస్కట్లు. చర్చికి తప్ప దేనికీ కొత్త బట్ట కొనని మనిషి, ఆ ప్రయాణానికి కొత్త బూట్లు కొంది. కాళ్ళకి అలవాటు చేసుకోవడానికి అవి వేసుకుని కారవాన్ లోపల అటూ ఇటూ నడిచేది. నన్ను పిలిచి, ఈ మంచం మీద మేమిద్దరం, ఆ మంచం మీద నువ్వు అని చూపించింది. కిటికీ పక్క చోటు నాకిచ్చింది. సముద్రం కనిపిస్తుందట. నేను ఆ మంచం మీద కూర్చుని, అది వెనక్కి జారిపోతున్నట్టు అనిపించి అంచు గట్టిగా పట్టుకున్నాను.

మే రెండో ఆదివారం. చర్చి నుంచి వచ్చాం. సూపు తాగాం. గిన్నెలు తొట్టిలో ఉన్నాయి. అమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. నేను అధ్యాయం చదివి బైబిల్ని పటం మూల మీద మళ్ళీ పెట్టాను.

"ఇక మన అధ్యాయం," అన్నాడు తాత.

డైరీ తీశాను. మొదటి రోజు, ఓబన్. రెండో రోజు, బారా, ఇసుక పక్క పొలంలో మకాం. ఒక్కో రోజే చదువుకుంటూ వెళ్ళాను. హారిస్ వచ్చింది. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. డోలీనా ఇల్లు వచ్చింది. అక్కడ ఆపాలి. ఎప్పుడూ అక్కడే ఆపేదాన్ని.

డైరీ మూసి, వెనక్కి తిప్పి, అటు నుంచి తెరిచాను. ప్రయాణం చదివిన గొంతుతోనే చదివాను.

"ఏప్రిల్ ఇరవై అయిదు. నేను చెయ్యెత్తాను. కారవాన్ ఆగలేదు. ఆలస్యంగా ఎత్తానని తాత అన్నాడు. అవునన్నాను. అబద్ధం."

నేను తలెత్తలేదు. పేజీ తిప్పాను.

"ఏప్రిల్ ముప్ఫై. స్కార్ఫు గేటు రాయికి కట్టి, నేను పొలంలో నిలబడ్డాను. బాగా కనిపిస్తున్నావని తాత రాయితో అన్నాడు. మే ఒకటి. అమ్మకి చెప్పలేకపోయాను. లైసెన్సు ఫారంలో టిక్కు నేనే పెట్టాను. ఓడ దగ్గర చెయ్యెత్తే మనిషిని తాత చూడలేడు. అమ్మమ్మ ముందు సీట్లో ఉంటుంది."

రాసింది అంతే. అయిపోయాక కూడా పేజీ వైపే చూస్తూ ఉన్నాను. తొట్టిలో నీటి చుక్క ఒకటి గిన్నె మీద పడింది.

"గేటుకి ఏ పక్క రాయి?" అన్నాడు తాత.

"ఎడమ పక్కది."

"అదీ సంగతి. నువ్వెప్పుడూ అంత కదలకుండా నిలబడవు."

ఎవరూ నవ్వలేదు. అమ్మమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?" అంది.

"క్రిస్మస్ ముందు నుంచి." తాత చేతులు పటం అంచుని సర్దుతున్నాయి. "అంచులన్నీ బానే ఉన్నాయి ఎఫీ. గోడలు తెలుస్తాయి. చెట్లు తెలుస్తాయి. మధ్యలో ఉన్నదే పోయింది."

"మధ్యలో ఉండేది మేమే కదా, లాక్లన్."

అమ్మమ్మ లేచింది. ఉప్పు డబ్బా తీసి బీరువాలో పెట్టింది. కెటిల్ పొయ్యి మీద పెట్టింది. టార్చిలైటు తాత చేతికిచ్చింది. బైబిలు నాకిచ్చింది. పటాన్ని పాత మడతల మీదే, ఒక్కొక్కటే, ఎనిమిది మడతలు పెట్టి సొరుగులో వేసి మూసింది. ఆదివారం నాడు అమ్మమ్మ పని చేయగా నేను చూసింది ఆ ఒక్కసారే.

సోమవారం తాత నన్ను కూర్చోబెట్టి లైసెన్సు ఆఫీసుకి ఉత్తరం రాయించాడు. నంబరు ప్లేటు చదవలేను, ఫారంలో తప్పు చెప్పాను అని రెండే వాక్యాలు. తప్పు చెప్పింది నేను అని రాయి, నీ పేరు రానివ్వకు అన్నాడు. సంతకం దగ్గర వేలు పెట్టాను. కారు తాళాలు తనే తీసుకెళ్ళి అమ్మ పోస్టు సంచీ కొక్కేనికి తగిలించాడు. ఆ తర్వాత ఈల వేయలేదు. కంటి డాక్టరు పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుందని చెప్పాడు. అమ్మమ్మ వారం రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఎనిమిదో రోజు బడి నుంచి వచ్చేసరికి ఎర్ర స్కార్ఫు ఉతికి, ఇస్త్రీ చేసి, నా దిండు మీద పెట్టి ఉంది.

ఆగస్టు చివర్లో అమ్మకి సెలవు దొరికింది. అమ్మకి కారవాన్ లాగడం రాదు. దాన్ని పెరట్లోనే వదిలేసి, కారులో వెళ్ళాం. అమ్మ పక్కన అమ్మమ్మ, కొత్త బూట్లు వేసుకుని. వెనక సీట్లో తాతా నేనూ. దారిలో పటం నేను చదివాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బెర్నరేలో చిన్న ఓడ దగ్గరికి వచ్చేసరికి వాన. ఆ రోజు బళ్ళని వెనక్కి నడిపే ఎక్కించారు. అమ్మ మెడ వెనక్కి తిప్పి మెల్లగా నడుపుతోంది. రెండు పక్కలా నీళ్ళు నల్లగా ఊగుతున్నాయి. వెనక అద్దంలోంచి నేను ఆ మనిషిని చూశాను. పసుపు కోటు వేసుకున్న ముసలాయన. ఏప్రిల్ నుంచి నేను చూస్తున్న చెయ్యి అదే.

"చెయ్యెత్తాడా?" అన్నాడు తాత.

"ఎత్తాడు."

"అమ్మ ఆగిందా?"

"ఆగింది తాతా."

తాత ఊపిరి వదలడం వినిపించింది. నా మోకాలి మీద ఆయన చెయ్యి ఉంది, అప్పటిదాకా నాకు తెలియలేదు. ఆయన నా వైపు తిరిగి ఉన్నాడు. ఎప్పట్లాగే చెవి వైపు చూస్తున్నాడు. అడగాలని ఎన్నాళ్ళ నుంచో ఉన్న మాట అప్పుడు అడిగేశాను. నా చెవి దగ్గర ఏముంది, ఎప్పుడూ అటే చూస్తావు అన్నాను.

"సూటిగా చూస్తే నీ ముఖం పోతుంది," అన్నాడు తాత. "చెవి వైపు చూస్తే, పక్కనుంచి కాస్త కనిపిస్తుంది. చలికాలమంతా అలాగే చూసుకున్నాను."

ఓడ కదిలింది. ఆ చలికాలమంతా నన్నెవరూ చూడటం లేదని నేను ధైర్యంగా ఉన్నాను. అలవాటు కొద్దీ తల దించుకోబోయాను. దించుకోలేదు. చెవి మీద పడుతున్న జుట్టుని వెనక్కి తోసుకుని, అలాగే కూర్చున్నాను.